స్పాంజి పెట్టిన మాండలిన్

జూలై 5, శనివారం

ఈ రోజు అమ్మ వాళ్ళ భజనకు శ్రుతి లేదు. హార్మోనియం వాయించే యజ్ఞనారాయణ గారు పోయిన వారం గోపన్‌పల్లిలో కొత్త ఫ్లాటుకు మారిపోయారు. హార్మోనియం ఆయన సొంతం. అదీ మారింది.

శనివారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా మా క్లబ్‌హౌస్ హాలు వాళ్ళది. పన్నెండు మంది ఆడవాళ్ళు. అందరూ పిల్లల ఉద్యోగాల వెంట పుప్పాలగూడ వచ్చినవాళ్ళే. ఈ రోజు ఒక్కొక్కరు ఒక్కో ఎత్తులో అందుకున్నారు. మా ఆవిడ ఉమాశ్రీ తన ఫోన్‌లో తంబురా యాప్ పెట్టి ఇచ్చింది. పాట మధ్యలో ఫోన్ మోగింది. భజనలో అందరికన్నా పెద్దావిడ లక్ష్మమ్మ గారు ఆపబోయి పచ్చది నొక్కారు. పర్సనల్ లోన్ కావాలా అని ఒకమ్మాయి హాలంతటినీ అడిగింది. భజన అక్కడితో సరి.

చివర్లో అసోసియేషన్ కార్యదర్శి సాయిచంద్ వచ్చాడు. అదే గంట జుంబా క్లాసుకు ఇమ్మని చాలా ఫ్లాట్లవాళ్ళు అడుగుతున్నారట. ఆగస్టు 2న కమిటీ వచ్చి భజన చూస్తుంది. ఆ తర్వాత గంట ఎవరిదో తేలుస్తుంది.

అమ్మ ఇంటికి వచ్చి చీరైనా మార్చుకోకుండా కూర్చుంది. ఈ ఊళ్ళో ఆవిడకు తనదంటూ ఉన్నది ఆ గంట ఒక్కటే. దానికోసం శుక్రవారమే చీర తీసి పెట్టుకుంటుంది.

"శ్రుతి నేను ఇస్తానమ్మా" అన్నాను.

"దేంతోరా?"

అది ఇంకా ఆలోచించలేదు. భోజనం అయ్యాక ఆలోచించాను. మాండలిన్. చిన్నది, చవక, సోఫా వెనక పడుతుంది. ఇంజినీరింగ్‌లో రూమ్మేట్ గిటార్ పట్టుకుని ఫొటో దిగిన అనుభవం ఉంది. ఆర్డర్ పెట్టాను.

తీర్మానం: రోజూ గంట సాధన. ఆగస్టు 2 నాటికి రెండు భజనలు.

జూలై 8, మంగళవారం

వచ్చింది! ఎనిమిది తీగలు, జంటలుగా నాలుగు. పొట్ట గుండ్రంగా, కొత్త వార్నిష్ వాసనతో. ఒడిలో పెట్టుకుంటే సరిగ్గా అమరింది. తీగ మీటితే గదిలో నీళ్ళు చిలకరించినట్టు ఉంది. అరగంట ఊరికే మీటుతూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ దీన్ని కొనకుండా ఏం చేశానో అర్థం కాలేదు.

బెల్ మోగింది. సెక్యూరిటీ రాజేందర్.

"సార్, మీ ఇంట్ల డ్రిల్లింగ్ నడుస్తుందంట గద. అయిదు దాటినంక బంద్ సార్."

మాండలిన్ చూపించాను. అతను దాన్ని ముందూ వెనకా చూశాడు.

"గిదా? మరి జర మెల్లగ డ్రిల్లింగ్ చేస్కోండ్రి సార్. కింద సార్ పరేషాన్ అయితుండు."

కింద సార్ అంటే జశ్వంత్. రాత్రి షిఫ్టు, సాయంత్రం ఏడు దాకా నిద్ర.

జూలై 9, బుధవారం

సమస్య పరిష్కారం. గిన్నెలు తోమే స్పాంజి ఒకటి తీసుకుని సన్నగా కోసి, తీగల కింద, వాటిని ఎత్తి పట్టే గుర్రం చెక్క పక్కన ఇరికించాను. శబ్దం సగానికి సగం పడిపోయింది. ఇంకో ముక్క ఇరికించాను. ఇప్పుడు కింద జశ్వంత్‌కే కాదు, పక్కన కూర్చున్న ఉమాశ్రీకీ వినిపించడం లేదు.

"వాయిస్తున్నారా?" అంది.

"వాయిస్తున్నాను."

"రోజూ ఇలాగే వాయించండి" అని టీవీ పెట్టుకుంది.

ఈ స్పాంజి నా సొంత తయారీ. బజారులో కొనాలంటే దీనికి వేరే పేరూ, వేరే ధరా ఉన్నాయి. వాయించడం కన్నా దీంట్లోనే ఎక్కువ తృప్తి ఉందని ఇక్కడ రాసుకుంటున్నాను.

జూలై 11, శుక్రవారం

ఎడమచేతి వేళ్ళ మీద తీగల గాట్లు. ఆఫీసులో వేలిముద్ర యంత్రం నన్ను గుర్తు పట్టలేదు. మూడుసార్లు పెట్టాక గార్డు పుస్తకంలో సంతకం చేయమన్నాడు. అన్ని కంపెనీలూ కలిపి పదిహేడేళ్ళ సర్వీసు.

వేళ్ళకు విశ్రాంతి తప్పదు. ఆ సమయం వృథా కాకుండా కాలం తీరిన బ్యాంకు కార్డు కత్తిరించి, మీటే ముక్కలు చేసుకున్నాను. మాండలిన్‌తో పాటు రెండు వచ్చాయి, అవీ బాగానే ఉన్నాయి. అయినా చేతితో చేసుకున్నవాటి సంగతే వేరు. మొత్తం తొమ్మిది వచ్చాయి. ఒకదాని మీద నా పేరులో సగం ఉంది.

జూలై 13, ఆదివారం

ఈ రోజు పని:
పాత ఐడీ కార్డు తాళ్ళు మూడు జడ అల్లి భుజం పట్టీ. (మూడు కంపెనీల పేర్లూ కనిపిస్తున్నాయి. నా జీవిత చరిత్రలా ఉంది.)
బియ్యం సంచితో మాండలిన్‌కు తొడుగు. లోపల పాత దుప్పటి.
సాధన: లేదు. పట్టీ బాగా కుదిరేసరికి పొద్దు పోయింది.

అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. "పాట ఎంతవరకు వచ్చిందిరా?" అంది. వస్తోందన్నాను. పట్టీ చూపించాను. బాగుందంది. ఆవిడ అడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు.

జూలై 17, గురువారం

సాధన జరగకపోవడానికి కారణాలు: మంగళవారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్. నిన్న వాన, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి ఇల్లు చేరేసరికి గంటన్నర. ఈ రోజు ఏ కారణమూ లేదు, కనుక అదీ రాస్తున్నాను.

ఉమాశ్రీ స్పాంజి కోసం వంటిల్లంతా వెతికింది. కొత్త ప్యాకెట్‌లో మూడే ఉన్నాయని షాపువాడితో గొడవ పడబోతుంటే నిజం చెప్పాను.

"దానికి అన్నీ అమర్చారు. ఇంక వాయించేవాణ్ణి కూడా ఎక్కడైనా తయారు చేయండి" అంది.

జూలై 20, ఆదివారం

వీడియోలో నేర్పే అబ్బాయి రెండో మెట్టు దగ్గర తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు పెట్టుకున్నాడు. నేనూ ఒకటి చేశాను. పెన్సిలు, రబ్బరు బ్యాండ్లు. గట్టిగా పట్టింది. అది ఎందుకు పెట్టుకోవాలో వీడియోలో తర్వాతి భాగంలో చెప్పాడు. తర్వాతి భాగం ఇంకా చూడలేదు.

క్లిప్పు పెట్టి, స్పాంజి పెట్టి, మొదటి భజన మొదటి నుంచి చివరి దాకా వాయించాను. ఒక్క తప్పు వినిపించలేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. నా పరీక్షలో నాకే ఒక్కటీ దొరకకపోవడం గర్వంగా ఉంది.

జూలై 26, శనివారం

భజన ఈ వారం కూడా నడవలేదు. ఎనిమిది మందే వచ్చారు. వారం ఓపిక పట్టండి, మావాడు శ్రుతి ఇస్తాడని అమ్మ అందరికీ చెప్పిందట. లిఫ్టులో లక్ష్మమ్మ గారు నా వేళ్ళు పట్టుకుని చూసి, కష్టపడుతున్నావు నాయనా అన్నారు. గాట్లు మానిపోయి వారమైంది. చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

రాగానే అమ్మ ఒకసారి వినిపించమంది. ఆ రోజే విందువులే అన్నాను. నిజానికి పాటల కాగితం పెట్టుకునే స్టాండు సగంలో ఉంది. మానిటర్ వచ్చిన అట్టపెట్టెతో చేస్తున్నాను. అది లేకుండా ఎలా వినిపిస్తాను?

ఆగస్టు 2, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పన్నెండు మందీ వచ్చారు. కమిటీ నుంచి సాయిచంద్, ఇంకో ఇద్దరు. నేను స్టాండు నిలబెట్టాను. పట్టీ వేసుకున్నాను. క్లిప్పు బిగించాను. అందరికీ వినిపించాలి కనుక జూలై 9 తర్వాత మొదటిసారి స్పాంజి తీసేశాను. మీటాను.

జంటలో ఒక తీగ ఒకటి చెబితే రెండోది ఇంకోటి చెప్పింది. నాలుగు జంటలూ అంతే. ఇన్ని రోజులూ స్పాంజి కింద అవి ఏం మాట్లాడుకుంటున్నాయో నేను వినలేదు. పైగా క్లిప్పు వల్ల శ్రుతి వాళ్ళు పాడే చోటు కన్నా బాగా పైకి వెళ్ళింది.

అమ్మ ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత సరిగ్గా నేనిచ్చిన చోటే అందుకుంది. ఆవిడ వెనక మిగతావాళ్ళు. పల్లవి ఎలాగో గడిచింది. చరణం పైకి లేచేసరికి ఇద్దరు ఆగిపోయారు, తర్వాత నలుగురు. చివరికి అమ్మ ఒక్కతే, మెడ నరాలు తేలి, నా తీగ వెంట. దగ్గు వచ్చి ఆగింది.

లక్ష్మమ్మ గారు లేచి వచ్చి తీగల మీద అరచెయ్యి ఆనించారు.

"నువ్వు కాసేపు కూర్చో నాయనా."

"కూర్చునే ఉన్నానండీ."

"అలాగే ఉండు."

తర్వాత ఆవిడ అమ్మ వైపు తిరిగారు. "పుణ్యవతీ, నీ గొంతు ఎక్కడుంటే అక్కడే అందుకో. మేం వస్తాం."

అమ్మ మంచినీళ్ళు తాగింది. కింద, తన చోట మొదలుపెట్టింది. ఈ నెల రోజులూ ఎవరి దారి వాళ్ళదిగా పాడినవాళ్ళు ఈసారి ఆవిడ మొహం వైపే చూస్తూ, ఆవిడ గొంతులోకి ఒక్కొక్కరే వచ్చి చేరారు. చరణం పైకి లేచింది, ఎవరూ ఆగలేదు. కమిటీలో ఒకాయన మోకాలి మీద తాళం వేస్తున్నాడు. నేను స్టాండు పడకుండా పట్టుకున్నాను. హాల్లో నా పని అదొక్కటే.

ఆగస్టు 3, ఆదివారం

సాయిచంద్ ఫోన్ చేశాడు. "బాలు గారూ, గంట ఆంటీలకే ఇచ్చాం. జుంబా పొద్దున పెడతాం. ఏమీ అనుకోకండి, ఒక్క కండిషన్ ఉంది." చెప్పక్కర్లేదు, అర్థమైందన్నాను. అయినా చెప్పాడు. హాల్లో మాండలిన్ వద్దని ముగ్గురూ ఏకగ్రీవంగా అన్నారట. మా అసోసియేషన్‌లో ఏకగ్రీవం ఇదే మొదటిసారి.

అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. గంట నిలిచిందని చెబితే తల ఊపింది. ఎదురుగా కూర్చుని నేనూ రెండు కాయలు తీసుకున్నాను.

"ఎత్తుగా ఉందని నీకు తెలియలేదా అమ్మా?"

"మొదటి దెబ్బకే తెలిసింది."

"మరి ఎందుకు అందుకున్నావు?"

"ఇస్తానన్నావు, ఇచ్చావు. నేను కూడా అందుకోకపోతే అంతమందిలో నీ మొహం ఎక్కడ పెట్టుకునేవాడివిరా?"

ఇంకో కాయ తీసుకుని ఈనె తీశాను. ఆవిడ గొంతు ఇవాళ బొంగురుగా ఉంది.

ఆగస్టు 4, సోమవారం

మాండలిన్ అమ్మేద్దామని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టడానికి ప్రకటన రాశాను. "దాదాపు వాడనిది. విడిభాగాలు చాలా ఉన్నాయి." రెండూ నిజాలే. పంపే ముందు ఉమాశ్రీకి చూపించాను. ఆవిడ వెళ్ళి అమ్మకు చదివి వినిపించింది.

"ఎవరు అమ్మమన్నారు? పట్టుకురమ్మను" అంది అమ్మ.

తీసుకెళ్ళాను. క్లిప్పు తీసేయమంది, తీశాను. పట్టీ వద్దంది, తీశాను. కాగితమేదీ లేదు కనుక స్టాండూ అక్కర్లేదంది. చేతిలో మాండలిన్ ఒక్కటే మిగిలింది. బోసిగా ఉంది.

"మొన్న నేను నీ వెంట వచ్చాను. ఇప్పుడు నువ్వు నా వెంట రా. పాటల సంగతి దసరా వెళ్ళాక చూద్దాం."

తీర్మానం: రోజూ పది నిమిషాలు. ఒకే స్వరం. అమ్మ ఎదురుగా.

మొదటి రోజు. అమ్మ కళ్ళు మూసుకుని సా పట్టింది. బొంగురు గొంతే, కానీ కదల్లేదు. నేను తీగ మీటాను. ఎక్కడో ఉంది. తీగ బిగించే మర తిప్పాను, దాటిపోయింది. వెనక్కి తిప్పాను. అమ్మకు ఊపిరి అయిపోయింది. మళ్ళీ తీసుకుని, అదే చోట పట్టుకుని, నేను వచ్చేదాకా అక్కడే ఉంది.