మోచెయ్యికి అందని లోతు

జూలూరుపాడు దగ్గరి తండా,
24-2-2005

చిరంజీవి శ్రావణిని బాపు దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమమే. నువ్వు అడిగావు కాబట్టి ముందే చెబుతున్నాను, నిన్ను కన్న మీ యాడి మోకాలి నొప్పి తగ్గింది, మళ్లీ చేనుకు పోతోంది. గేదె ఈనింది, పెయ్యదూడ. నేను మాత్రం నాలుగు రోజులుగా కోపంతో సరిగా అన్నం తినడం లేదు. ఆ కోపం నీ మేనేజర్ మీద.

మొన్న జూలూరుపాడు ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి నీకు ఒక్క మాటే చెప్పాను, ఆ బోర్డు మీద సంతకం పెట్టొద్దని. నువ్వు గయ్యిమన్నావు. "మంచు గురించి నీకేం తెల్సు బాపూ? సంతకం పెట్టకుంటే నా నౌకరీ పోతది" అన్నావు. వెనక నలుగురు తమ వంతు కోసం నిలబడి వింటుంటే ఫోన్ పెట్టేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

మంచు నేను చూడలేదు, నిజమే. కానీ నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. హిమాచల్‌లో మీ కొండ మీదికి జనం కాళ్లకు పొడుగాటి చెక్కలు కట్టుకుని జారడానికి వస్తారనీ, రోజూ పొద్దున మంచు ఎంత పడిందో, ఏ వాలు మీద జారొచ్చో బోర్డు మీద రాసి సంతకం పెట్టడం నీ పని అనీ మీ యాడికి కూడా అర్థమయ్యేలా చెప్పాను. రేడియోలో చెప్పే వాతావరణం కింద ఊరికి చెప్పేదట, పైన కొండ సంగతి వేరట. గాలి ఒక పక్క మంచును ఊడ్చి ఇంకో పక్క పోగేస్తుందట. మీ మేనేజర్ ఆ పోగు పడిన హోటల్ గోడ వారన కర్ర గుచ్చి రెండడుగులు అంటాడు. నువ్వు బయలులో కొలిస్తే అడుగు కూడా లేదు. అంతవరకే అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి.

కానీ నువ్వు పారతో గొయ్యి తవ్వి చూశావు. కొత్త మంచు కింద చక్కెర పలుకుల్లా ఒకదానికొకటి అంటుకోని పాత పొర ఉందని రాశావు. మనిషి బరువు పడితే పైనున్నదంతా ఒక్కసారి జారి అందర్నీ కప్పేస్తుందని రాశావు. ఆ గొయ్యి చూపిస్తే ఆ పెద్దమనిషి ఏమన్నాడు? పైన తెల్లగా ఉంది కదా, జారడానికి బాగుంది అని రాసెయ్ అన్నాడా! గొయ్యి తవ్వమని ఎవరు చెప్పారు అన్నాడా! అంత బాగుంటే ముందు తన పిల్లల్ని ఎక్కించమను. సెలవులకు వచ్చేవాళ్లు బోర్డు చదివి నమ్ముతారు. వాళ్లు పారలు తెచ్చుకుంటారా తవ్వి చూసుకోవడానికి? సిగ్గూ శరమూ లేని మనిషి.

చెప్పింది ఆయన కదా, తప్పు నాదెట్లా అవుతుంది అని అడిగావు. నీదే అవుతుంది బిడ్డా. ఏదైనా జరిగిన రోజు ఆయన నీ సంతకం చూపించి తప్పుకుంటాడు. అంత గట్టిగా ఎలా చెబుతున్నానంటావా? ఇన్నాళ్లూ నీకు రాయనిది ఒకటుంది.

మిర్చి ఏమైందని అడిగితే, అమ్ముడుపోయింది అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను కదా. జనవరిలో కల్లంలో ఆరబోసిన రెండో రోజే వాన పడింది. పట్టాలు కప్పేలోపు చాలా కాయ తడిసింది. రంగు పోయిన తాలు కాయను వేరు చేసినట్టే దాన్నీ వేరుగా ఆరబెట్టి తక్కువ ధరకు అమ్ముకోవాలి. నేను అలా చేయలేదు. ఖమ్మం మార్కెట్‌లో వ్యాపారి బస్తా మూతి విప్పి, మోచెయ్యి దాకా లోపలికి పెట్టి, పిడికెడు తీసి చూస్తాడు. ఆ చెయ్యి ఎంత లోతుకు పోతుందో ముప్పై ఏళ్లుగా చూస్తున్నవాణ్ణి. తడి కాయ అంతకంటే కింద పోశాను. మీ యాడి వద్దంది, నేను వినలేదు.

వారానికి వ్యాపారి గోదాములో ఆ బస్తాలకు బూజు పట్టింది. నీళ్ల ట్యాంకు పక్కన తడి నేల మీద దించావని, వాటిని మోసిన హమాలీని పనిలోంచి తీసేశారు. ఆ హమాలీ ఎవరో కాదు, మీ యాడి పుట్టింటి తండావాడు, నీకు వరసకు మేనమామ, కోటేష్. నాకు ఆ వారమే తెలిసింది. తెలిసి కూడా మాట్లాడలేదు.

నీ ఉత్తరం వచ్చాక మీ మేనేజర్‌ను తిట్టని పూట లేదు. మీ యాడి రెండు రోజులు విన్నది. మూడో రోజు కాయ ఏరుతూ తల ఎత్తకుండానే అంది, "గా మేనేజరును తిడుతున్నవా, నిన్ను నువ్వే తిట్టుకుంటున్నవా?" నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పులేసుకుని బయటికి పోయాను. తండా దాటేసరికి మంట ఆమె మీద కాదని తెలిసింది. అటే ఖమ్మం బస్సెక్కాను.

కోటేష్ కిరాయి గదిలోనే ఉన్నాడు. భార్య కూలికి పోయిందట, తనే పొయ్యి ముందు కూర్చుని పిల్లలకు అన్నం వండుతున్నాడు. నిలబడే చెప్పాను, ఆ తడి నాదేనని.

"తెల్సు బావా" అన్నాడు. "బస్తా వీపు మీదికి ఎత్తంగనె తడి తగిలింది. అప్పటికి ఇంకా కింద దించనే లేదు."

"మరి చెప్పలేదేంది?"

"అక్క మొగుడివి. పది మందిల నిన్నెట్ల దొంగను చేస్త? నువ్వే వచ్చి చెప్తవని సూసిన."

నన్ను తిట్టలేదు బిడ్డా. తిడితే బాగుండేది. అన్నం తినిపోమన్నాడు, తినలేకపోయాను.

రేపు కోటేషూ నేనూ మార్కెట్‌కు పోతున్నాం. వ్యాపారి ముందు, హమాలీలందరి ముందు చెబుతాను. ఇక నీ కాయ కొనం అని అందరూ అంటే అననీ, తల దించుకుని వస్తాను. నీ నౌకరీ పోతే నువ్వూ ఇంటికి వచ్చెయ్, నిన్ను ఒక్క మాట అడగను. కానీ ఆ బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాయి. చెరిపేస్తే మళ్లీ రాయి. రాయనివ్వకపోతే వాలు కింద నిలబడి వచ్చినవాళ్లకు నోటితో చెప్పు.

కోటేష్ నా నోటి మాట కోసం ఇన్ని రోజులు ఆగాడు. ఆ మంచు కింద పడ్డవాళ్లు నీ మాట కోసం ఆగలేరు బిడ్డా.

ఇట్లు,
నిన్ను ఎత్తుకు పెంచిన
బాపు,
రామ్‌చందర్