సార్ దాచుకున్న సన్నాయి

శనివారం, ఏప్రిల్ 2002, బ్రాడీపేట

మస్తాన్ సార్ వాళ్ళ నాన్నగారి సన్నాయిని తలచుకుంటూ నెల రోజులు కూర్చుని సింథసైజర్ కీబోర్డులో తయారుచేసుకున్న సౌండ్‌ని ఈరోజు పాడుచేశాను.

సార్ నమాజుకు వెళ్ళగానే, ఇంకాస్త తియ్యగా చేద్దామని నాబ్‌లు తిప్పాను. బాతు అరుపులా అయింది. పాతది తేవాలని కంగారులో ఏదో నొక్కితే, అది సేవ్ బటన్; పాతది చెరిగిపోయి బాతు అరుపే మిగిలింది. సార్ దగ్గర నేర్చుకోవడానికి చేరి పట్టుమని పది క్లాసులు కాలేదు, నాకెందుకంత పొగరు!

సార్ వచ్చి వాయించి చూసి, “ఏమైందమ్మా దీనికి?” అన్నారు.

“కరెంటు పోయొచ్చింది సార్.”

పోలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

“అయితే నేనే సేవ్ చేయడం మర్చిపోయుంటా. రేపు పర్చూరు పెళ్ళిలో ఏం వాయించేది?”

కాసేపటికి ఆయనే తేరుకుని, “నువ్వు మాత్రం నాలాగా చేయబాకమ్మా. ఏది చేసినా వెంటనే సేవ్ బటన్ నొక్కు” అన్నారు.

“అదెక్కడుంది సార్?” అని అడిగాను.