జగదల్‌పూర్ దాటాక నీ నిద్ర

మావా,

నీ పెద్దకర్మ అయిపోయింది. బచేలిలో ఇల్లు ఖాళీ చేసి, తమ్ముడితో ఊరికి బయల్దేరాను. ఇన్నాళ్లూ బ్యాంకు గుమ్మంలో నీ భుజాన వేలాడిన తుపాకీని ఠాణాలో అప్పజెప్పేశాను.

తమ్ముడికి మనసొప్పలేదు. "బొంతలో సుట్టీసి అట్టుకెలిపోదాం అక్కా. లైసెన్సున్నదే గదా, ఎవుడేటంతాడు?" అన్నాడు.

"ఆ లైసెన్సు ఛత్తీస్‌గఢ్ వరకేరా. బావ బతికుండగా దాటించనిది నానెలా దాటిత్తాను?" అన్నాను.

ఊరెళ్లిన ప్రతిసారీ నువ్వు ముందు ఠాణాకెళ్లి తుపాకీ దింపుకొని, ఉత్త చేతులతో స్టేషనుకొచ్చేవాడివి. అయినా జగదల్‌పూర్ దాకా నీ కుడిభుజం కిందికి వంగే ఉండేది. ఒడిశా పొలాలు మొదలయ్యాకే నవ్వేవాడివి.

"ఇక్కడ నా లైసెన్సు సెల్లదే. ఇంక నాను కాపలావోన్ని కాను" అంటూ నా భుజం మీద తల వాల్చేసేవాడివి. బచేలిలో ఆకు రాలినా లేచి కూర్చునే మనిషివి, సొరంగాల్లో రైలు ఎంత మోగినా కదిలేవాడివి కాదు.

ఇవాళ కూడా సరిహద్దు ఎక్కడ దాటామో తెలియలేదు. అటూ ఇటూ అదే వరి, అదే మంచు. కిటికీ దగ్గరికని తమ్ముడు నా పక్కకి రాబోతే, ఎదురు సీటు చూపించాను.

మొదటి సొరంగం చీకట్లో నా భుజం బరువెక్కింది. అరకు దాటేదాకా కదపలేదు.