శేఖర్‌కు నచ్చిన ఎర్ర కారు

ఒరే శేఖరా,

ఆశీస్సులు మిగిలితే చివర్లో రాస్తాను. ఫోనులో చెబితే మధ్యలోనే పెట్టేస్తావని ఈ ఉత్తరం.

రోజూ శ్రీ సిటీలో ఆఫీసుకూ, ఎప్పుడైనా చెన్నై వైపు రేసు ట్రాకుకూ పనికొచ్చే కారు చూసిపెట్టమని మీ బావను అడిగావట. ఆయనకు సైకిలే సరిగ్గా రాదు. ఈ ఇంట్లో కారు నడిపేది నేనని నీకు తెలియదా? చిన్నప్పుడు తిరుమల కొండకు బస్సెక్కితే మొదటి మలుపులోనే వాంతి చేసుకుని, దారంతా నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేవాడివి. నువ్వు రేసుకు పోతావా?

అయినా నీకు నచ్చిందని బావకు చెప్పిన ఆ ఎర్ర కారే షోరూము నుంచి ఒక పూటకు తెప్పించి నడిపి చూశాను. ఇంజను బంగారం. స్పీడు బ్రేకరు వచ్చిన ప్రతిచోటా కారు అడుగు భాగం నేలకు రాసుకుంది. మోకాళ్ళ ఆపరేషనైన నాయనను అందులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. సీటు నేలబారున ఉంది. కూర్చున్న మనిషి లేవలేకపోయాడు. ఇద్దరు ఆటోవాళ్ళు చంకల కింద చేతులేసి బయటికి లాగారు. చొక్కా సర్దుకుని ఏమన్నాడో తెలుసా?

"ఈ మాట అబ్బోడికి సెప్పొద్దు మ్మా. బండి బాగుండాదని రాయి. నేను బస్సులో పోతాలే."

బండి బాగుంది. కొనుక్కో.

అక్క