ఆట లేని చలికాలం

సెప్టెంబర్ 15, 2004. బుధవారం

నిన్న మా కెనడా వాళ్లం ఐస్ హాకీ ప్రపంచ కప్పు గెలిచాం. ఇవాళ లీగ్‌కు తాళం పడింది.

జీతాలకు హద్దు పెట్టాలని ఓనర్లు, కుదరదని ఆటగాళ్లు. లాకౌట్ అంటే ఏమిటో నాకు తెలుసు. మా నాన్న మాంసం ప్లాంటు గేటు బయట ఒక చలికాలమంతా నిలబడ్డాడు. అక్కడ గేటు బయట ఉన్నది పనివాళ్లు. ఇక్కడ గేటు బయట ఉన్నది నేను. నన్నెవరూ చర్చలకు పిలవలేదు. పిలిస్తే చెప్పేదాన్ని, ఎడ్మంటన్‌లో ఆట లేని చలికాలం ఎంత పొడుగుంటుందో.

ఎర్ల్ ఫోన్ చేయలేదు. చేయడు. మాకు విడాకులై పదకొండేళ్లు. ఇల్లు నాకొచ్చింది, ట్రక్కు అతను తీసుకున్నాడు, సీజన్ టికెట్లు మాత్రం ఇద్దరమూ వదల్లేదు. లాయర్లు నవ్వారు. చివరికి చెరొక సీటు అని తేల్చారు. పై అంచెలో పదహారో వరుస, ఏడు నాది, ఎనిమిది అతనిది. ఏడాదికి నలభై సాయంత్రాలు పక్కపక్కనే కూర్చుంటాం. ఆట తప్ప ఇంకో మాట ఎత్తకూడదని మొదటి ఏడాదే నియమం పెట్టుకున్నాం.

మా వెనక వరుసలో క్లెమ్ కూర్చుంటాడు, రైల్వేలో రిటైరయ్యాడు. "విడాకులు పుచ్చుకుని కాపురం వెలగబెడుతున్న జంటని మిమ్మల్నే చూశానమ్మా" అంటాడు. నోటిదూల మనిషి. కానీ అన్నది అబద్ధం కాదు. ఇంట్లో మాకు మాటలు అయిపోయాయి. అక్కడ అవలేదు.

సెప్టెంబర్ 16

స్కూలు బస్సెక్కిన పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న, ఎన్నాళ్లని. స్టీరింగ్ తిప్పేదాన్ని, నాకేం తెలుసు?

అక్టోబర్ 13. బుధవారం

ఇవాళ సీజన్ మొదలవ్వాల్సింది. డ్యూటీ దిగి ఇంటికి కాకుండా ఎరీనాకు పోయాను. పార్కింగ్‌లో ముప్పై మంది ఉన్నారు. చేతుల్లో అట్టముక్కలు, వాటి మీద "మా ఆట మాకివ్వండి" అని రాతలు. ఎవరికి చూపించాలో తెలియక ఒకరికొకరు చూపించుకుంటున్నారు.

ఎర్ల్ ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు కాఫీలు. ఒకటి నాకిచ్చాడు. నేనొస్తానని నీకెలా తెలుసన్నాను. "రాకపోతే రెండూ నేనే తాగేవాణ్ణి" అన్నాడు. గోల్‌కీపర్ మోకాలి గురించి ఒక మాట అనుకున్నాం. డిఫెన్స్ కుర్రాడు స్వీడన్ పోయి ఆడుకుంటున్నాడని ఒక మాట. అయిదు నిమిషాల్లో మా దగ్గరున్న సరుకు అయిపోయింది. చలి. ఇద్దరం కప్పుల్లోకి చూసుకుంటూ నిలబడ్డాం.

అతని గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. ఇవాళే చూశాను. పక్కన కూర్చుంటే మనిషి మొహం కనపడదు.

నవంబర్ 6. శనివారం

టీవీలో ఆట వేళకు సినిమా వేస్తున్నారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ శనివారం సాయంత్రం అంటే హాకీయే. సినిమా సగం చూసి కట్టేశాను.

కోపం ఎవరిమీదో నాకే తేలడం లేదు. సోమవారం ఆటగాళ్లమీద. మంగళవారం ఓనర్లమీద. బుధవారం నామీదే. యాభై ఆరేళ్లొచ్చాయి, ఊరిలో సగం మందికి లేని ఏడుపు నీకెందుకే అని. లైబ్రరీలో చేరాను. రెండు పుస్తకాలు తెచ్చాను. ఒకటి తోటపని గురించి. బయట మోకాలి లోతు మంచు.

నవంబర్ 24

ఎర్ల్ ఫోన్. పదకొండేళ్లలో ఇదే మొదటిసారి. ఏం చేస్తున్నావన్నాడు. క్యాబేజీ తరుగుతున్నానన్నాను. ఓహో అన్నాడు. కాసేపు ఒకరి ఊపిరి ఒకరం విన్నాం. "సరే అయితే, తరుక్కో" అని పెట్టేశాడు.

వెధవ లీగ్.

డిసెంబర్ 9. గురువారం

ఆటగాళ్లు దిగొచ్చారు! జీతాల్లో పావువంతు దాకా వదులుకుంటామన్నారట. రేడియోలో వినగానే బస్సు డిపోలో అందరం అరిచాం. ఎర్ల్‌కు నేనే ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం, ఎవరిని ఏ లైన్లో ఆడించాలో కూడా తేల్చేశాం.

"జనవరికల్లా ఐస్ మీద ఉంటారు చూడు. కావాలంటే రాసిస్తా" అన్నాడు.

"నువ్వు రాసిచ్చినవి చాలానే చూశాన్లేవయ్యా" అన్నాను.

నవ్వాడు. ఫోన్ పెట్టేశాక బట్టలు మడతపెడుతూ పాట పాడుకున్నాను. ఎవరికీ చెప్పను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

డిసెంబర్ 14

ఓనర్లు కాదన్నారు.

జనవరి 6, 2005. గురువారం

మా ఉక్రెయిన్ వాళ్ల క్రిస్మస్ ముందురోజు. మాంసం లేకుండా పన్నెండు వంటకాలు చేయాలి. ఒక్కదాన్నే ఉంటే నాలుగు చేసి ఊరుకునేదాన్ని. ఈసారి ఎర్ల్‌ను పిలిచాను. నోరు జారి పిలిచానో, కావాలనే పిలిచానో. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కాలర్ దగ్గర కొత్త మడత ఇంకా పోలేదు.

గోధుమల పాయసం తిన్నాడు. బీట్‌రూట్ చారు రెండుసార్లు పోయించుకున్నాడు. అమ్మ చేసినట్టు కుదిరిందా అని అడిగాను. అప్పుడు తలెత్తి బల్ల ఆ చివరకు చూశాడు. పోయినవాళ్ల కోసం అక్కడ ఒక ఖాళీ పళ్లెం, కొవ్వొత్తి పెట్టడం ఆనవాయితీ. ఏటా అమ్మకు పెడతాను.

చెంచా కింద పెట్టేశాడు. పిరోగీలు ముట్టనే లేదు. అతనికోసమే ఆలూతో పాటు ఉల్లిపాయ వేయించి కూరాను. కడుపులో బాగాలేదని లేచాడు. ఏడు కాకముందే వెళ్లిపోయాడు.

నేనేమన్నాను?

జనవరి 9. ఆదివారం. మధ్యాహ్నం 12

రాయాలి. రాస్తే తప్ప నమ్మలేను.

పదింటికి వచ్చాడు. ముందు తలుపు తట్టలేదు. నా పార తీసుకుని ఇంటి ముందు దారి మీది మంచునంతా ఎత్తిపోశాడు. మెట్లు ఊడ్చాడు. లోపలికి రా, టీ పెడతానన్నాను. రానన్నాడు. గుమ్మం బయటే, పార చేత్తో పట్టుకుని నిలబడి చెప్పాడు.

తొంభై ఒకటి ఏప్రిల్. ప్లేఆఫ్. అమ్మ ఆస్పత్రిలో ఉంది. ఆ మధ్యాహ్నం కాస్త తేరుకుంది, ఆటకు పొమ్మని తనే మమ్మల్ని గదమాయించింది. స్కోరు సమమై, ఓవర్‌టైమ్‌లో గెలిచాం. ఎర్ల్ నన్ను నడుం పట్టుకుని గాల్లోకి ఎత్తాడు. కిందికి దింపాక చెవిలో చెప్పాడు, ఆస్పత్రి నుంచి కబురొచ్చిందని. పరుగెత్తాం. మేం చేరేసరికి అమ్మ పోయి పావుగంట. ఆఖర్న రెండుసార్లు నేనొస్తున్నానా అని అడిగిందని నర్సు చెప్పింది.

కబురు అప్పుడే వచ్చిందనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను.

"రెండో బ్రేక్‌లోనే వచ్చింది డోరీ" అన్నాడు. "నువ్వు పాప్‌కార్న్ లైన్లో ఉన్నావ్. మన గేటు దగ్గరుండే ముసలాయన చీటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. మీ అమ్మ నిన్ను అడుగుతోందని. స్కోరు రెండు, రెండు. ఇంకొక్క పీరియడ్, ఇరవై నిమిషాలే కదా అనుకున్నా. జేబులో పెట్టుకున్నా. తర్వాత ఓవర్‌టైమ్ పడింది. ఇంకాసేపే కదా అనుకున్నా."

ఇప్పుడెందుకు చెబుతున్నావన్నాను.

"ఆటలు నడుస్తుంటే చెప్పేవాణ్ణి కాదు. ఒక్కో ఆటా పట్టుకుని నెట్టుకొచ్చా. ఇప్పుడు నీతో ఏం మాట్లాడబోయినా అదొక్కటే నోటికొస్తోంది."

తలుపు వేశాను. గట్టిగా కూడా వేయలేదు.

అదే రోజు. సాయంత్రం 4

చాలాసేపు అక్కడే నిలబడ్డట్టున్నాడు. మళ్లీ కురిసిన మంచులో మెట్టు మీద రెండు బూట్ల మేర మాత్రం ఖాళీ.

జనవరి 10

బస్సు నడిపాను. మైనస్ ముప్పై రెండు. ఏ పిల్లా ఆలస్యంగా చేరలేదు.

జనవరి 22. శనివారం

ఆ మూడో పీరియడ్ అంతా తిరగేస్తున్నాను. నేను అరుస్తున్నాను. అతను కూడా అరిచాడా? నా పాప్‌కార్న్ తిన్నాడు, అది గుర్తుంది. చీటీ జేబులో పెట్టుకుని నా పొట్లంలో చేయి పెట్టాడు. ఓవర్‌టైమ్‌కు ముందు బ్రేక్‌లో అమ్మకు ఫోన్ చేసి వస్తానని లేచాను. "పడుకుని ఉంటుంది, ఎందుకు లేపడం" అన్నాడు. కూర్చున్నాను. నన్ను గాల్లోకి ఎత్తిన ఆ క్షణం నా బతుకులో మంచి క్షణాల్లో ఒకటని, అమ్మ పోయిన రోజే అయినా అది మంచిదేనని, దాన్ని సిగ్గుపడుతూనే దాచుకున్నాను. దాన్నిప్పుడు ఎక్కడ పెట్టాలి?

ఇంకో సంగతి. ఇది ఇంకా ఘోరం. కబురు ఆలస్యం చేశాడని ఆ గేటు ముసలాయన మీద అప్పట్లో ఎరీనాకు ఉత్తరం రాశాను. పేరు మిస్టర్ టెయిట్. బట్టతల, ఎర్ర కోటు, ఎప్పుడూ "మెట్టు చూసుకోమ్మా" అనేవాడు. మరుసటి సీజన్ నుంచి అతను మా గేటు దగ్గర లేడు. తగిన శాస్తి అనుకున్నాను.

ఆ ఉత్తరానికి స్టాంపు అంటించి డబ్బాలో వేసొచ్చింది ఎర్ల్.

జనవరి 29. శనివారం

ఫోన్ పుస్తకంలో టెయిట్‌లు ముగ్గురున్నారు. రెండో నంబర్ ఆయన కూతురిది. నాన్న తొంభై ఎనిమిదిలోనే పోయారండీ అంది. మీరెవరన్నది. ఆటల దగ్గర పరిచయం అన్నాను. ఆమె గొంతు మెత్తబడింది. ఆట లేక అందరం పిచ్చెక్కిపోతున్నాం కదండీ అంటూ తనే చెప్పుకుపోయింది. చివరి ఏళ్లలో నాన్నను లోపల్నుంచి తీసి పార్కింగ్ గేటుకు వేశారట. ఆట కనపడేది కాదట. లోపల జనం అరుపును బట్టి స్కోరు చెప్పేవాడట, తప్పేవాడు కాదట.

ఎందుకు మార్చారో చెప్పేవాడా అని అడిగాను.

"ఎవరో మారాజు కోపమొచ్చి రాశారట. వాళ్లింట్లో చావైందట పాపం, అనేవాడండీ."

చెప్పాలని నోరు తెరిచాను. థ్యాంక్స్ అని పెట్టేశాను. నేనూ చీటీ జేబులో పెట్టుకునే రకమే.

ఫిబ్రవరి 16. బుధవారం

సీజన్ రద్దు. మొత్తానికి మొత్తం. ఒక్క ఆట కూడా లేకుండా.

ప్రకటన టీవీలో వస్తుండగానే ఫోన్ మోగింది. ఎర్లే అని తెలిసే ఎత్తాను. హలో అనలేదు, అతనూ అనలేదు. అతని ఇంట్లో కూడా అదే టీవీ, అదే గొంతు. నా గదిలో వచ్చిన ప్రతి మాటా ఫోన్లోంచి ఒక అరక్షణం ఆలస్యంగా మళ్లీ వచ్చింది. విచారిస్తున్నాం. విచారిస్తున్నాం. చివరిదాకా విన్నాం.

"డోరీ" అన్నాడు.

పెట్టేశాను.

నవ్వొచ్చేదేమిటంటే, వాళ్లు జనవరి మొదట్లో రాజీపడినా నాకేమీ తెలిసేది కాదు. క్రిస్మస్‌కు ముందు తేల్చుకుంటే అతన్ని భోజనానికి పిలిచేదాన్నే కాదు. కోట్లున్నవాళ్లు కోట్ల కోసం కొట్టుకున్నారు. పోయింది మా అమ్మ, రెండోసారి.

ఫిబ్రవరి 19

సీజన్ బతికిందని పొద్దున పుకారు. సాయంత్రానికి మళ్లీ చచ్చింది.

ఏప్రిల్ 28

అమ్మ పోయిన రోజు. శ్మశానం గేటు దగ్గర ఎర్ల్ ట్రక్కు ఆగి ఉంది. బండి తిప్పుకుని ఊరంతా తిరిగాను. గంట తర్వాత వెళ్లాను. అతను ఏమీ పెట్టలేదు, పువ్వు కూడా. రాయి ముందు గడ్డి మాత్రం నలిగి ఉంది.

ప్రతి ఏడూ వస్తున్నాడేమో. నేను ఇన్నేళ్లూ ఉదయం వచ్చేదాన్ని. ఈసారే డ్యూటీ మారి మధ్యాహ్నమైంది.

జూలై 13

కుదిరిందట. క్లెమ్ ఫోన్లోనే ఏడ్చాడు. "ఇక చస్తే ఆట చూస్తూనే చస్తానమ్మాయ్" అన్నాడు. ఇద్దరూ వస్తారుగా అన్నాడు. ఏ ఇద్దరం అన్నాను. పదేళ్లలో క్లెమ్ నోరు మూతపడటం ఇదే చూశాను.

ఆగస్టు 18

టికెట్ ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసింది, పాత సీటే ఉంచమంటారా, వేరే వైపు కూడా ఖాళీలున్నాయి అని.

"నేనెందుకు మారాలి?" అని అరిచాను.

పాపం కంగారుపడింది. "మారమనడం లేదండీ, అందర్నీ అడుగుతున్నాం."

పక్క సీటు ఎవరైనా తీసుకున్నారా అన్నాను. అది చెప్పకూడదండీ అంది. అదే ఉంచమన్నాను. మొగుణ్ణి వదిలాను, అమ్మను పోగొట్టుకున్నాను. ఆ సీట్లో మాత్రం ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. మారితే అతను మారాలి.

అక్టోబర్ 5, 2005. బుధవారం

వచ్చాడు. కొత్త సీజన్ మొదటి ఆట, ఏడో సీట్లో నేను, ఎనిమిదిలో ఎర్ల్. ఒక్క మాట లేదు.

రెండో పీరియడ్‌లో మనవాళ్లు గోల్ కొట్టారు. ఎరీనా మొత్తం లేచి నిలబడింది. నేను లేవలేదు. అతనూ లేవలేదు. ఎదురుగా అన్నీ వీపులే. ఎవరు కొట్టారో కనపడలేదు. వాళ్లు కూర్చునేదాకా ఇద్దరం ఆ వీపుల్నే చూస్తూ కూర్చున్నాం.