పటం కింది లైను
హనుమకొండ, మంగళవారం, ఆగస్టు 1984

ప్రెస్సాయన అచ్చేసిన మా ఊరి పటం మీద నా పేరు లేదని అలిగిన అనుకుంటాంది అమ్మ. నా బాధ పేరు గురించి కాదు. కాలేజీ దోస్తులం ఆరుగురం ఎండల తిరిగి హనుమకొండ గల్లీలన్నీ గీసింది అందరూ వాడుకోవాలని. ఆయన అమ్మే పటం కింద "కాపీ చేయరాదు" అని ఉంది. దాన్ని దవాఖాన గోడ మీద గీయించబోయిన నర్సమ్మ అది చదివి ఆగిపోయింది.

ఇవాళ ప్రెస్సుకు పోయి అడిగిన. ప్రెస్సు ముసలాయన నవ్విండు. "ఆ లైను సీసం అక్షరాలు ఎప్పుడూ పేర్చి కట్టే ఉంటయి బిడ్డా. పెండ్లి కార్డుకు తప్ప అన్నిటికీ పెడతం. తీసేస్త. మరి నేను అమ్ముకోవచ్చా?"

గుండె తేలికైంది. మళ్లీ ఇంకెవరన్నా గట్లనే ఆ లైను పెడితే...

అమ్ముకోమన్న. ఇంట్లున్న మా అసలు కాగితం మాత్రం ఎవరడిగినా చూసి గీసుకోనిస్త. దానికి అమ్మనే కాదు, ఇంట్లో ఎవరినీ అడగను.