మడత లేని పేజీలు

అక్కా, నేను కులాసా.

కాంతి గురించి మామూలు జనం కోసం నేను రాసిన వ్యాసం నువ్వు చదివి తిప్పి పంపావు, అందింది. అర్థం కాని చోటల్లా పేజీ మూల మడవడం నీ అలవాటు. ఈసారి ఒక్క మడతా లేకపోయేసరికి, అలాగే పత్రికకు ఇచ్చేశాను.

నిన్న స్టాఫ్‌రూమ్‌లో మా హెడ్డుగారు నా దగ్గరున్న నకలు చదివి, "మూడో పేజీ నాకే కొరుకుడు పడలేదయ్యా, మీ అక్కగారికి ఎలా పడింది?" అన్నారు. మళ్ళీ చూస్తే నిజమే, అదంతా క్లాసులో చెప్పే పాఠంలా ఉంది.

వంటింటి కుళాయి బాగుచేయించారా? నా ఉన్నికోటు పంపించు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళావా? అర్థం కాకపోతే ఎన్ని మూలలైనా మడువు, చూపు ఆనక చదవలేకపోతే ఆ మాట మాత్రం దాచకు.

బావగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు. జవాబు బావగారి చేత రాయించకు, నీ చేత్తో రాయి.

తమ్ముడు